రష్యన్ సాహిత్యంలో నవజీవన కాంక్ష: కాకసస్ కొండల సాక్ష్యం

19వ శతాబ్దపు రష్యన్ సాహిత్యాన్ని చదివేవారికి ఒక దృశ్యం పదే పదే ఎదురవుతుంది. ఒక యువకుడు రాజధాని నగరాన్ని విడిచి బండి ఎక్కుతాడు. అతని వెనుక అప్పులున్నాయి, జూదం ఉంది, విఫలమైన ప్రేమ ఉంది, అన్నిటికంటె మించి తన బ్రతుకుపై తనకే కలిగిన ఏవగింపు ఉంది. ముందు మంచుకొండలు కనిపిస్తున్నాయి. పాత జీవితం ముగిసింది, ఇక కొత్త మనిషిని కాబోతున్నాను అని అతడు మనసారా నమ్ముతాడు.

సోవియట్ కాలంలో మాస్కో నుండి తెలుగులోనే అచ్చయి వచ్చిన పుస్తకాల ద్వారా ఈ యువకుడు ఆంధ్రదేశపు పాఠకులకు కూడా పరిచితుడయ్యాడు. అతని ఆవేదనలో పాలు పంచుకున్నవారు, అతనితోపాటు ఆ కొండల అందానికి ముగ్ధులైనవారు ఎందరో ఉన్నారు. కాని ఒక ప్రశ్న సాధారణంగా అడగబడదు. ఆ యువకుడు వెళ్ళేనాటికి ఆ కొండల్లో నివసిస్తున్నవారు ఎవరు? అతని రాక వారి జీవితాన్ని ఏమి చేసింది?

వారిలో అత్యధికులు ముస్లిములు. చెచెన్లు, అవార్లు, కుమిక్కులు, చెర్కెస్సులు మొదలైన జాతులవారు. ఒకరు విముక్తి కోరి వచ్చిన నేల మరొకరికి స్వస్థలం. రష్యన్ రచయితలు ఈ సంగతిని ఎంతవరకు గ్రహించారన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఎందుకీ పలాయనం?

ఆనాటి రష్యా పరిస్థితిని గుర్తుచేసుకుంటే ఈ తపన ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. 1861 వరకు రష్యాలో రైతులు భూస్వాముల ఆస్తిగా, అర్ధబానిసలుగా ఉండేవారు. 1825 డిసెంబరులో కొందరు సైనికాధికారులు నిరంకుశత్వానికి వ్యతిరేకంగా తిరుగుబాటు చేయగా జార్ చక్రవర్తి మొదటి నికొలాయ్ దానిని అణచివేశాడు. ఐదుగురిని ఉరితీశారు. అనేకులను సైబీరియాకు పంపారు. మరికొందరి హోదాలు తీసివేసి, కాకసస్ యుద్ధరంగానికి తోలారు. మరుసటి సంవత్సరం స్థాపించిన రహస్య పోలీసు శాఖ విద్యావంతుల ఉత్తరాలను సైతం తెరిచి చూసేది.

ఇటువంటి వాతావరణంలో చదువుకున్న యువకునికి చేయదగిన పని లేదు, మాట్లాడదగిన చోటు లేదు. నలుగురితో కలిసి సమాజాన్ని మార్చే దారి మూసుకుపోయినప్పుడు మనిషి ఒంటరిగా పారిపోవాలనుకోవడం సహజం. కాని ఎక్కడికి? దేశం దాటడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. దక్షిణ దిక్కున ఉన్న కాకసస్‌కు మాత్రం ప్రభుత్వమే పంపిస్తుంది, శిక్షగానో, సైనికోద్యోగిగానో. కనుక ఆ సాహిత్యంలో స్వేచ్ఛకు మారుపేరుగా నిలిచిన కొండలకు దారి వేసింది ప్రభుత్వపు ఫిరంగి బండ్లే. ఈ వైరుధ్యం ఆ సాహిత్యమంతటా వెన్నంటి ఉన్నది.

పుష్కిన్: నది ఆవలి గట్టు

మొదటగా చెప్పుకోవలసినవాడు పుష్కిన్. ప్రభుత్వాన్ని విమర్శించే కవితల కారణంగా 1820లో ఆయనను రాజధాని నుండి దక్షిణానికి పంపివేశారు. ఆ వేసవిలో కాకసస్‌ను, క్రిమియాను చూశాడు. 1822లో 'కాకసస్ బందీ' కావ్యం వెలువడింది. నాగరిక జీవితంతో విసిగి స్వేచ్ఛను వెదుక్కుంటూ వచ్చిన ఒక రష్యన్ యువకుడు కొండజాతివారి చేతిలో బందీ అవుతాడు. అతనిని ప్రేమించిన చెర్కెస్ యువతి సంకెళ్ళు కోసి విడిపిస్తుంది. అతడు నది దాటి ప్రాణం దక్కించుకుంటాడు. ఆమె అదే నదిలో మునిగిపోతుంది. అతని విముక్తికి మూల్యం చెల్లించింది ఆమె.

అంతటితో కావ్యం ముగిసి ఉంటే అది ఒక విషాదగాథ. అయితే చివరి భాగంలో కవి రష్యన్ సేనానులను కీర్తించి, కాకసస్ జనరల్ యెర్మోలొవ్‌కు తల వంచక తప్పదని పలికాడు. ఆ యెర్మోలొవ్ 1818లో కట్టించిన కోట పేరు గ్రోజ్నయా, అంటే 'భయంకరమైనది'. నేటి గ్రోజ్నీ నగరం అక్కడ వెలిసినదే. పుష్కిన్ మిత్రుడు, కవి అయిన వ్యాజెమ్‌స్కీకి ఈ చివరి భాగం రుచించలేదు. కవిత్వం తలారులకు తోడు కారాదని ఆయన ఆనాడే ఒక ఉత్తరంలో ఆక్షేపించాడు. ఈ విమర్శ వచ్చినది శత్రుపక్షం నుండి కాదు, స్వపక్షం నుండే.

1824లో పుష్కిన్‌ను ఉత్తరాన ఉన్న మిఖైలొవ్‌స్కొయే అనే స్వగ్రామంలో నిర్బంధించారు. ఆ ఒంటరితనంలో ఆయన ముందున్న గ్రంథాలలో దివ్య ఖుర్ఆన్ ఒకటి. అరబీ తెలియని పుష్కిన్ చదివినది ఫ్రెంచి నుండి వెర్యోవ్కిన్ చేసిన 1790 నాటి రష్యన్ అనువాదం. దాని ప్రేరణతో 'ఖుర్ఆన్ అనుకరణలు' అనే తొమ్మిది కవితలు వ్రాశాడు. అవి 1826లో అచ్చయినాయి. మొదటి కవితలో సూరా అద్దుహా ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. దైవం తన దాసుణ్ణి విడిచిపెట్టలేదన్న ఓదార్పు ప్రవాసంలో ఉన్న కవి మనసును తాకి ఉండడంలో ఆశ్చర్యం లేదు.

తొమ్మిదవ కవిత ఈ వ్యాసానికి మరీ ముఖ్యమైనది. దానికి ఆధారం సూరా బఖరాలో వచ్చే వృత్తాంతం. శిథిలమైన ఊరిని చూచి, ఇది మళ్ళీ ఎలా బ్రతుకుతుందని ఆశ్చర్యపడిన వ్యక్తిని అల్లాహ్ నూరేండ్లు మృతునిగా ఉంచి తిరిగి లేపుతాడు, అతని గాడిద ఎముకలను అతని కళ్ళముందే కూర్చి చూపుతాడు. పుష్కిన్ ఈ వృత్తాంతాన్ని ఎడారి బాటసారి కథగా మలిచాడు. లేచిన బాటసారి తాను ముసలివాడినయ్యానని విలపిస్తాడు. అప్పుడు అతనికి యౌవనం తిరిగి వస్తుంది, దైవం తోడుగా ముందుకు సాగిపోతాడు. పుష్కిన్ ఈ కవితలను వ్రాసింది విశ్వాసిగా కాదు, కవిగానే. అయినా ఒక విషయం గమనార్హం. ఊరు దాటి పారిపోవడానికి వీలులేని రోజులలో ఆయన వ్రాసిన ఈ నవజీవన గాథలో మనిషి కొత్తవాడు కావడానికి కారణం చోటు మారడం కాదు, సృష్టికర్త అనుగ్రహం.

1829లో పుష్కిన్ అనుమతి లేకుండానే సైన్యం వెంట తుర్కీ భూభాగానికి వెళ్ళాడు. 1836లో అచ్చయిన 'అర్జ్‌రూమ్ యాత్ర'లో ఒక చిన్న సంఘటన ఉంది. ఆయన జీవితంలో ఎన్నడూ రష్యా సరిహద్దు దాటినవాడు కాడు. అర్పాచాయ్ నది సరిహద్దు అని తెలియగానే ఉత్సాహంతో గుర్రాన్ని నీటిలోకి దూకించి ఆవలి గట్టు ఎక్కాడు. తీరా ఎక్కిన తరువాత తెలిసింది, ఆ గట్టును కూడా రష్యన్ సేన అప్పటికే జయించింది. ఆయన ఇంకా రష్యాలోనే ఉన్నాడు! సామ్రాజ్యం వెంట వెళ్ళి సామ్రాజ్యాన్ని తప్పించుకోవడం సాధ్యం కాదని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం.

లెర్మొంతొవ్: మృత్యు నది

పుష్కిన్ 1837లో ద్వంద్వయుద్ధంలో మరణించినప్పుడు దర్బారువారిని నిందిస్తూ కవిత వ్రాసినందుకు లెర్మొంతొవ్‌ను కాకసస్ సేనకు పంపారు. 1840లో మళ్ళీ పంపారు. అదే సంవత్సరం వెలువడిన ఆయన నవల 'మన కాలం వీరుడు'లో నాయకుడు పెచోరిన్ బేలా అనే చెర్కెస్ కన్యను అపహరింపజేస్తాడు. ఈ కొండ కన్య ప్రేమ తన మనసుకు పట్టిన తుప్పును వదిలిస్తుందని ఆశిస్తాడు. కొద్దికాలానికే విసుగు పుడుతుంది. బేలా కుటుంబం నాశనమవుతుంది, చివరకు ఆమె ప్రాణం కూడా పోతుంది. పెచోరిన్ మరొక చోటికి బయలుదేరుతాడు. ఇతరుల జీవితాన్ని మందుగా వాడుకొని తన రోగం నయం చేసుకోజూచేవాని కథ ఇది. రచయిత తన నాయకుణ్ణి వెనకేసుకు రాలేదు.

1840 జూలైలో చెచెన్యాలోని వలెరిక్ అనే ఏటి ఒడ్డున జరిగిన భీకర పోరాటంలో లెర్మొంతొవ్ స్వయంగా పాల్గొన్నాడు, ధైర్యానికి పేరు తెచ్చుకున్నాడు. కాని ఆ పోరుపై వ్రాసిన కవితలో విజయగర్వం కనిపించదు. శవాలతో ఎర్రబడిన నీరు, దూరాన ప్రశాంతంగా నిలిచిన కొండలు, ఆకాశం క్రింద అందరికీ చోటున్నా మనిషి ఎందుకు ఊరకే పోరాడుతాడన్న ప్రశ్న కనిపిస్తాయి. పక్కనున్న చెచెన్ మిత్రుణ్ణి ఏటి పేరు అడిగితే, ఆ పేరుకు అర్థం మృత్యు నది అని అతడు చెబుతాడు. మరుసటి సంవత్సరమే, 26 ఏండ్ల వయసులో, పితిగోర్స్క్ వద్ద లెర్మొంతొవ్ కూడా ద్వంద్వయుద్ధంలో చనిపోయాడు.

దొస్తొయెవ్‌స్కీ: ఇర్తిష్ ఒడ్డున

దొస్తొయెవ్‌స్కీ ప్రయాణం వేరు. ఆయనకు పారిపోయే అవకాశమే లేదు. 1849లో ప్రభుత్వ వ్యతిరేక చర్చలలో పాల్గొన్నందుకు మరణశిక్ష విధించి, చివరి క్షణంలో దానిని మార్చి, సంకెళ్ళతో సైబీరియాలోని ఓమ్‌స్క్ జైలుకు పంపారు. 1850 నుండి 1854 వరకు అక్కడే ఉన్నాడు. ఆ అనుభవాల ఆధారంగా వ్రాసిన 'మృతుల గృహం'లో దాగెస్తాన్‌కు చెందిన అలీ అనే ముస్లిం యువకుని పాత్ర ఉన్నది. క్రూరులైన నేరస్థుల మధ్య ఉండి కూడా నిష్కల్మషంగా మిగిలిన వ్యక్తిగా కథకుడు అతనిని వర్ణిస్తాడు. అలీకి ఇంజీలు ద్వారా రష్యన్ చదవడం నేర్పుతాడు. అలీ, అతని అన్నలు హజ్రత్ ఈసా (అ)ను దైవప్రవక్తగా గౌరవిస్తూ, ఆయన మట్టితో పక్షిని చేసి ఊదగానే అది ఎగిరిపోయిందని తమ గ్రంథంలో ఉన్నదని చెబుతారు. ఈ మాట ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్, మాయిదా సూరాలలో ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. జైలు నుండి బయటికి రాగానే, 1854లో, దొస్తొయెవ్‌స్కీ తన అన్నకు వ్రాసిన ఉత్తరంలో పంపమని అడిగిన పుస్తకాలలో ఖుర్ఆన్ కూడా ఉన్నది.

1866 నాటి 'నేరము-శిక్ష' నవల ముగింపులో హంతకుడైన రస్కోల్నికొవ్ ఇర్తిష్ నది ఒడ్డున కూర్చొని ఆవలి వైపు చూస్తాడు. అక్కడ సంచారజాతులవారి గుడారాలు నల్లని చుక్కల్లా కనిపిస్తుంటాయి. అక్కడ స్వేచ్ఛ ఉన్నదని, హజ్రత్ ఇబ్రాహీం (అ), ఆయన మందల కాలం అక్కడ ఇంకా గడచిపోలేదేమోనని అతనికి తోస్తుంది. కాని అతడు నది దాటడు. దాటకుండానే, ఈ గట్టునే, శిక్ష అనుభవిస్తూనే, అతనిలో మార్పు మొదలవుతుంది. పారిపోవడం వేరు, మారడం వేరు అని ఇక్కడ తేటతెల్లమైంది.

అయితే దొస్తొయెవ్‌స్కీ జీవితపు రెండవ పార్శ్వాన్ని దాచడం న్యాయం కాదు. 1877లో తుర్కీతో యుద్ధం జరుగుతున్నప్పుడు కాన్‌స్టాంటినోపుల్ రష్యాకే చెందాలని ఆయన వ్రాశాడు. 1881 జనవరిలో రష్యన్ సేన గియోక్‌తెపె కోటను పట్టుకొని తుర్క్‌మెన్లను ఊచకోత కోసినప్పుడు, తన చివరి వ్యాసాలలో దానిని స్వాగతించాడు. ఐరోపాలో రష్యన్లను చిన్నచూపు చూస్తారు, ఆసియాలో యజమానులుగా ఉండవచ్చు, అక్కడ రష్యాకు నూతనోత్సాహం కలుగుతుందన్నది ఆ వ్యాసాల సారాంశం. ఒక వ్యక్తి నవజీవనం కోసం పశ్చాత్తాపాన్ని చూపిన రచయితే, ఒక జాతి నవజీవనం కోసం ఇతరుల నేలను చూపడం విచారకరం. అలీని అంతగా ప్రేమించిన చేయి ఇలా వ్రాయడం చూస్తే, వ్యక్తిపై కరుణ ఉన్నంతమాత్రాన జాతిపై న్యాయదృష్టి కలుగుతుందని చెప్పలేమని తెలుస్తుంది.

టాల్‌స్టాయ్: రెండు అధ్యాయాలు

ఈ సమస్యను పూర్తిగా ఎదుర్కొన్నవాడు టాల్‌స్టాయ్. 1844లో కజాన్ విశ్వవిద్యాలయంలో మొదట ప్రాచ్య భాషల శాఖలో చేరి, తరువాత న్యాయశాస్త్రానికి మారి, 1847లో చదువు మానివేశాడు. జూదంలో అప్పులపాలై, 1851లో అన్న నికొలాయ్ వెంట కాకసస్ వెళ్ళాడు. అక్కడ కూడా జూదం మానలేదు. సాదో అనే చెచెన్ మిత్రుడు, టాల్‌స్టాయ్ బాకీపడిన అధికారితో తాను ఆడి గెలిచి, ఆ అప్పు పత్రాన్ని తిరిగి తెచ్చి ఇచ్చాడు. ప్రతిఫలం కోరలేదు.

1863లో వెలువడిన 'కసాకులు' నవల ఈ అనుభవాల ఫలమే. మాస్కో నుండి పారిపోయి వచ్చిన ఒలెనిన్, కసాకు పల్లెలో సాదా జీవితం గడపాలని, పల్లె పడుచు మర్యానాను పెండ్లాడాలని కలగంటాడు. ఎంత ప్రయత్నించినా వారిలో ఒకడు కాలేకపోతాడు. అతడు వెళ్ళిపోతుంటే వెనుదిరిగి చూచేవారు కూడా ఉండరు.

అరవై ఏండ్లు దాటిన తరువాత టాల్‌స్టాయ్ మళ్ళీ కాకసస్ విషయానికి వచ్చాడు. 1896లో దున్నిన పొలం అంచున నలిగి, విరిగి, అయినా నిలబడిన ఒక ముళ్ళమొక్కను చూడగా ఆయనకు హాజీ మురాద్ గుర్తుకు వచ్చాడు. 1904 వరకు ఆ నవలను తిరిగి తిరిగి వ్రాశాడు. ఆయన మరణానంతరం, 1912లో మాత్రమే అది అచ్చయింది.

హాజీ మురాద్ చారిత్రక పురుషుడు. అవార్ జాతివాడు, ఇమాం షామిల్ సేనానులలో సుప్రసిద్ధుడు. ఇమాంతో విభేదించి 1851లో రష్యన్ల పక్షం చేరాడు. అతని కుటుంబం షామిల్ ఆధీనంలో ఉండిపోయింది. వారిని విడిపిస్తామన్న అధికారులు కాలయాపన చేశారు. 1852 ఏప్రిల్‌లో తప్పించుకొని కొండలకు వెళ్ళబోయి నుఖా సమీపంలో పోరాడుతూ మరణించాడు. అతని తలను నరికి రాజధానికి పంపారు. ఆ సంఘటన జరిగినప్పుడు యువకుడైన టాల్‌స్టాయ్ కాకసస్‌లోనే ఉన్నాడు. హాజీ మురాద్ లొంగుబాటును నీచమైన పనిగా ఆనాడు ఇంటికి వ్రాసిన ఉత్తరంలో పేర్కొన్నాడు. అదే మనిషిని అర్ధశతాబ్దం తరువాత రెండు నిరంకుశత్వాల మధ్య నలిగిన వీరునిగా చిత్రించాడు. నవలలో జార్ నికొలాయ్‌ని మాత్రమే కాదు, ఇమాం షామిల్‌ను కూడా కఠినంగానే చూపాడు. ఇమాంపై ఆయన అభిప్రాయంతో ఏకీభవించనివారు ఉండవచ్చు. కాని ఆయన పక్షపాతం ఏ సింహాసనం వైపూ లేదన్నది వాస్తవం.

ఈ నవలలో పక్కపక్కనే ఉన్న రెండు అధ్యాయాలు రష్యన్ సాహిత్యపు ఆత్మవిమర్శగా భావించదగినవి. మొదటి దానిలో బుట్లర్ అనే యువ అధికారి కనిపిస్తాడు. రాజధానిలో జూదమాడి ఆస్తి పోగొట్టుకొని, కాకసస్‌కు మార్పించుకొని వచ్చాడు. కొండగాలి, తోటివారి స్నేహం, యుద్ధపు ఉత్సాహం అతనికి మత్తెక్కిస్తాయి. పాతదంతా పోయింది, కొత్త జీవితం ఎంత బాగున్నదని మురిసిపోతూ ఒక పల్లెపై దాడిలో పాల్గొంటాడు. పల్లె ఖాళీగా ఉంటుంది, సైనికులు ఇండ్లు తగులబెట్టి పాటలు పాడుకుంటూ తిరిగి వెళతారు. రెండవ అధ్యాయంలో ఆ పల్లెవారు కొండల నుండి దిగివస్తారు. సాదో ఇల్లు కూలిపోయింది. అతని కుమారుణ్ణి వీపులో బాయినెట్ పొడిచి చంపారు. పండ్లచెట్లు విరిచారు, తేనెపట్లు కాల్చారు. ఊటనీటిని మలినం చేశారు. మస్జిదును కూడా అపవిత్రం చేయగా ముల్లా, విద్యార్థులు దానిని శుభ్రం చేస్తున్నారు. పెద్దలు నమాజు చేసి, ఏం చేయాలో ఆలోచిస్తారు.

ఆ పల్లెవానికి టాల్‌స్టాయ్ పెట్టిన పేరు సాదో. తన అప్పు తీర్చిన మిత్రుని పేరే అది. బుట్లర్‌లో ఉన్నది యౌవనంలోని టాల్‌స్టాయ్. ఒకరి నవజీవనోత్సాహానికి మరొకరి ఇల్లు ఎలా కాలిపోయిందో, తనను తాను తప్పించుకోకుండా చూపిన పుటలివి. పుష్కిన్ కావ్యంలో యువతి నీట మునిగితే రచయిత సేనానిని స్తుతించాడు. తొంభై ఏండ్ల తరువాత అచ్చయిన ఈ నవలలో రచయిత మస్జిదు వాకిట నిలబడి సేనను చూశాడు.

బయలుదేరిన ముహాజిర్లు

సాహిత్యంలో చోటు అంతగా దొరకని మరొక ప్రయాణం ఉన్నది. ఇమాం షామిల్ 1859లో గునీబ్ కొండపై లొంగిపోయాడు. 1864లో పశ్చిమ కాకసస్ యుద్ధం ముగిసింది. చెర్కెస్సులు తదితర ముస్లిం జాతులవారు లక్షల సంఖ్యలో స్వస్థలాల నుండి వెళ్ళగొట్టబడి ఉస్మానియా రాజ్యానికి ఓడలెక్కారు. ఆకలితో, అంటురోగాలతో దారిలోనే అసంఖ్యాకులు మరణించారు. వారి సంతతి నేటికీ తుర్కీ, జోర్డాన్, సిరియా దేశాలలో ఉన్నది. రష్యన్ యువకుడు కోరి చేసిన ప్రయాణం, వీరు కోరని హిజ్రత్‌గా పరిణమించింది.

టాల్‌స్టాయ్ గురించి ఒక అపోహ

టాల్‌స్టాయ్ చివరి దశలో ఇస్లాం స్వీకరించాడని ముస్లిముల రచనలలో అక్కడక్కడ కనిపిస్తుంది. దీనికి ఆధారంగా చూపే విషయాలు చాలావరకు వాస్తవాలే. 1901లో ఆర్థొడాక్స్ చర్చి ఆయనను బహిష్కరించింది. 1904లో ఈజిప్టు ముఫ్తీ షేఖ్ ముహమ్మద్ అబ్దుహూ ఆయనకు ఆదరంగా ఉత్తరం వ్రాయగా, టాల్‌స్టాయ్ అంతే ఆదరంగా జవాబిచ్చాడు. బెంగాల్‌కు చెందిన అబ్దుల్లా సుహ్రవర్దీ 1905లో లండన్‌లో ప్రకటించిన హదీసుల సంకలనం నుండి కొన్నిటిని ఎంపిక చేసి రష్యన్‌లో చిన్న పుస్తకంగా వెలువరించాడు. 1909లో ఒక ముస్లిం అధికారి క్రైస్తవ భార్య, తన కుమారులు ఇస్లాం స్వీకరించగోరుతున్నారని సలహా అడిగినప్పుడు, చర్చి బోధకంటె ఇస్లాం సరళమైనదని, ఉన్నతమైనదని వ్రాశాడు. ఆయన సమాధిపై శిలువ లేదు.

అయితే అదే ఉత్తరంలో ఆయన, తాను నిజమైన అర్థంలో క్రైస్తవ ఆదర్శాలనే అన్నిటికంటె మిన్నగా భావిస్తానని కూడా వ్రాశాడు. ఇతర మతాలవలె ఇస్లాం కూడా తరువాతి చేర్పుల నుండి శుద్ధి కావాలని అభిప్రాయపడ్డాడు. సమాధిపై శిలువ లేకపోవడానికి కారణం చర్చితో తెగతెంపులు, ఆయన స్వంత కోరిక. కనుక ఆయనను ముస్లింగా ప్రకటించడానికి ఆధారం లేదు. సత్యాన్ని గౌరవించేవారికి లేని సాక్ష్యం అవసరం లేదు. ముస్లిముల గ్రామంపై జరిగిన అన్యాయాన్ని, ఆ అన్యాయం చేసిన జాతిలో పుట్టినవాడు, ముస్లిం కాకుండానే, నిర్భయంగా చెప్పాడన్నదే పెద్ద సాక్ష్యం.

ఇద్దరు వృద్ధులు

1910 అక్టోబరు 28న, పాత రష్యన్ కాలెండరు ప్రకారం, 82 ఏండ్ల టాల్‌స్టాయ్ తెల్లవారకముందే ఇల్లు విడిచాడు. వెంట ఉన్నది వైద్యుడు మకొవిత్‌స్కీ. కుటుంబ కలహాల నుండి, సిగ్గు కలిగించే సంపద నుండి దూరంగా చివరి రోజులు గడపాలని ఆయన ఉద్దేశం. దారిలో సన్యాసిని అయిన చెల్లెలిని చూసి, దక్షిణాన పోయే రైలెక్కాడు. అనుకూలిస్తే బల్గేరియాకు, లేకుంటే కాకసస్‌కు వెళ్ళాలన్న ఆలోచన ఉండెను. యాభై తొమ్మిదేండ్ల క్రితం వెళ్ళిన దిక్కుకే మళ్ళీ ప్రయాణం! దారిలో జబ్బుపడి, అస్తాపొవో అనే చిన్న స్టేషనులో స్టేషను మాస్టరు ఇంట, నవంబరు 7న మరణించాడు.

అంతకు నాలుగు దశాబ్దాల ముందు మరొక వృద్ధుడు రష్యా నుండి బయలుదేరాడు. కలూగా పట్టణంలో ఏండ్ల తరబడి నిర్బంధంలో ఉన్న ఇమాం షామిల్, జార్ అనుమతి పొంది హజ్ యాత్రకు వెళ్ళాడు. 1871లో మదీనాలో మరణించగా, బఖీ శ్మశానంలో ఖననం చేశారు.

ఇద్దరూ తమ యౌవనాన్ని ఒకే కొండలలో, ఒకే యుద్ధంలో, ఎదురెదురు పక్షాలలో గడిపినవారు. ఇద్దరికీ ఆ కొండలు మళ్ళీ దక్కలేదు. ఒకరు తాను వెళ్ళవలసిన చోటు తెలిసి వెళ్ళాడు. మరొకరు వెదుకుతూ దారిలో ఆగిపోయాడు. అయినా వెదికినవాడు వదలిపెట్టిన పుటల మూలంగానే, ఊటనీరు మలినమైన ఆ చెచెన్ పల్లె గురించి ప్రపంచానికి తెలిసింది. పారిపోయి వచ్చిన యువకుడు అడగవలసిన ప్రశ్నను వృద్ధుడు అడిగాడు: ఈ నేల ఎవరిది? ఆ ప్రశ్న అడగకుండా వెదికే నవజీవనం ఎంత అందంగా వర్ణించబడినా ఆక్రమణే అవుతుంది.